ఒక్క రైలు దారి: బుడాపెస్ట్ నుంచి బెర్లిన్ దాకా



యూరప్ వెళ్ళొచ్చామని ఎవరైనా చెబితే మనవాళ్ళు మొదట అడిగేది "ఎన్ని దేశాలు చూశారు?" అని. ట్రావెల్స్ వాళ్ళ కరపత్రాల మీద కూడా అదే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఈ పూట నేను చెప్పబోయే ప్రయాణం అలాంటిది కాదు. యూరప్ మ్యాపు ముందు పెట్టుకుని ఒక్క రైలు దారిని ఎంచుకున్నాను. బుడాపెస్ట్‌లో ఎక్కి, వియన్నా, ప్రాగ్, డ్రెస్డెన్‌లలో ఆగుతూ, బెర్లిన్‌లో దిగాను. రెండు వారాలు కూడా నిండని ప్రయాణం. ఒక్కదాన్నే వెళ్ళాను.

బుడాపెస్ట్ నుంచి బెర్లిన్‌కు 'హంగేరియా' అని నేరుగా ఒక రైలుంది. పొద్దున్నే ఎక్కితే ఒక్క పగటిపూటలో చేరుస్తుంది. అది వియన్నాకు పోదు, బ్రాటిస్లావా మీదుగా పోతుంది. నేను వియన్నా కోసం కాస్త పక్కకు జరిగి, ముక్కలు ముక్కలుగా వెళ్ళాను. ఏ ముక్కా నాలుగు గంటలకు మించదు. మన రైళ్ళలో రాత్రంతా ప్రయాణం చేసి అలవాటైనవాళ్ళకు ఇది ప్రయాణంలాగే అనిపించదు.

ఈ దారే ఎందుకు? నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పిన టీచర్ని. రెండు ప్రపంచయుద్ధాలు, హిట్లర్, ప్రచ్ఛన్నయుద్ధం, బెర్లిన్ గోడ, ఇవన్నీ ఏటేటా పిల్లలకు చెప్పాను. కారణాలు, ఫలితాలు, తేదీలు. రిటైరయ్యాక ఆ పాఠాలు నిజంగా జరిగిన చోట్లు చూడాలనిపించింది. చూస్తే వాటిలో చాలా భాగం ఈ ఒక్క రైలు దారి పక్కనే జరిగింది. వెళ్ళి వచ్చాక నాకు బాగా తెలిసిన విషయం ఒకటుంది. ఇరవయ్యో శతాబ్దంలో మధ్య యూరప్ మనుషుల బతుకులు రైలు ఎవరు ఎక్కవచ్చు, ఎవరు ఎక్కకూడదు, ఎవర్ని బలవంతంగా ఎక్కిస్తారు అన్నదాని మీద ఆధారపడ్డాయి. పుస్తకాల్లో ఆ ముక్క ఇంత స్పష్టంగా కనబడదు. ప్లాట్‌ఫాం మీద నిలబడితే కనబడుతుంది.

మన సంగతే తీసుకోండి. మన పాస్‌పోర్టుతో ఆ రైళ్ళు ఎక్కాలంటే షెంగెన్ వీసా ఉండాలి. ఒకే వీసాతో హంగరీ, ఆస్ట్రియా, చెక్, జర్మనీ, ఈ నాలుగు దేశాలూ తిరగొచ్చు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటామో ఆ దేశానికి దరఖాస్తు పెట్టుకోవాలి. బ్యాంకు కాగితాలు, హోటల్ బుకింగులు, తిరుగు ప్రయాణం టికెట్టు, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ఇన్సూరెన్సు, అన్నీ చూపాలి. ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆఖరి నిమిషం దాకా ఆగకండి, వేసవిలో అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం. మా చెల్లెలు మాత్రం వీసా వచ్చాక కూడా "ఒక్కదానివే ఎలా పోతావక్కా, భాష రాదు, మనిషి తోడు లేదు" అంటూనే ఉంది. ఆ భయం తనొక్కదానిదే కాదు, మన ఇళ్ళలో ఆడవాళ్ళందరి చుట్టూ ఉండేదే. అందుకే ఈ ప్రసంగంలో చరిత్రతోపాటు దారి సంగతులు కూడా కలిపి చెబుతాను.

బుడాపెస్ట్‌లో పెద్ద స్టేషను పేరు కెలెటి. 1884లో తెరిచారు. ముందువైపు ఎత్తైన కమాను, దానికి అటూ ఇటూ రెండు విగ్రహాలు. రాజులవీ, సేనానులవీ కావు. ఒకటి ఆవిరి యంత్రాన్ని మెరుగుపరిచిన జేమ్స్ వాట్‌ది, రెండోది రైలింజన్ల జార్జ్ స్టీఫెన్‌సన్‌ది. ఒక దేశం తన రాజధాని గుమ్మంలో ఇద్దరు ఇంజనీర్లను నిలబెట్టుకుందంటే రైలు మీద వాళ్ళకెంత నమ్మకం ఉండేదో తెలుస్తుంది. ఆ నగరంలోనే 1896లో భూగర్భ రైలు వేశారు. లండన్ తర్వాత, యూరప్ ప్రధాన భూభాగం మీద అదే మొదటిది. పసుపుపచ్చ పెట్టెలు, తెల్ల పెంకుల గోడలు. పది మెట్లు దిగితే చాలు, స్టేషన్లో ఉంటాం. ఇప్పటికీ నడుస్తోంది.

అదే కెలెటి స్టేషను 2015 వేసవిలో ప్రపంచమంతటా టీవీల్లో కనిపించింది. సిరియా నుంచీ అఫ్ఘానిస్తాన్ నుంచీ యుద్ధాలు తప్పించుకుని వచ్చిన వేలమంది ఆ స్టేషను ముందూ, కింది దారుల్లోనూ పడుకున్నారు. చాలామంది జేబుల్లో టికెట్లు ఉన్నాయి. రైలు మాత్రం ఎక్కనివ్వలేదు. సెప్టెంబరు 4న వాళ్ళలో వందలమంది పిల్లల్ని ఎత్తుకుని, ఆస్ట్రియావైపు హైవే వెంట కాలినడకన బయలుదేరారు. ఆ రాత్రే ఆస్ట్రియా, జర్మనీ వాళ్ళను రానిస్తామని చెప్పాయి. నేను వియన్నా రైలు కోసం నిలబడ్డ చోట ఇది జరిగింది. నా ఫోన్లో ఒక క్యూఆర్ కోడు ఉంది, పాస్‌పోర్టులో ఒక స్టిక్కరు ఉంది. నాకూ వాళ్ళకూ తేడా అంతే.

బుడాపెస్ట్‌లో చూడాల్సినవి చాలా ఉన్నాయి. వేన్నీళ్ళ స్నానశాలలు, గొలుసుల వంతెన, రాత్రి దీపాల్లో పార్లమెంటు భవనం. మన అమృతా షేర్‌గిల్ 1913లో పుట్టింది ఆ ఊళ్ళోనే. నేను మాత్రం మీకు చూడమని గట్టిగా చెప్పేది పార్లమెంటుకు కాస్త దూరంలో, డాన్యూబ్ నది గట్టు మీద ఉన్న చెప్పుల జతలు. అరవై జతలు, అన్నీ ఇనుముతో చేసినవి. ఆడవాళ్ళవి, మగవాళ్ళవి, చిన్నపిల్లలవి. 1944-45 చలికాలంలో యూదుల్ని ఆ గట్టు మీదికి తెచ్చి, చెప్పులు విప్పించి కాల్చి నదిలో పడేశారు. చెప్పులకు ధర ఉంది కాబట్టి విప్పించారు. 2005లో ఈ స్మారకం పెట్టారు. నేను వెళ్ళినప్పుడు ఒక చిన్న బూటులో ఎవరో పువ్వు పెట్టి ఉన్నారు.

బుడాపెస్ట్ నుంచి వియన్నాకు రైల్‌జెట్ అనే రైలు రెండు గంటల నలభై నిమిషాలు తీసుకుంటుంది. ఇక్కడ టికెట్టు వేరు, సీటు రిజర్వేషన్ వేరు. టికెట్టు ఉంటే రైలెక్కవచ్చు, సీటు గ్యారంటీ కాదు. సీటుకు కొద్దిపాటి రుసుము విడిగా కట్టాలి. ప్రతి సీటు దగ్గరా చిన్న తెర మీద అది ఎక్కడి నుంచి ఎక్కడి దాకా రిజర్వయిందో కనిపిస్తుంది. ఏమీ రాసి లేకపోతే కూర్చోవచ్చు. ప్లాట్‌ఫాం మీదికి వెళ్ళడానికి గేట్లుండవు, టీసీ రైల్లోకే వచ్చి ఫోన్లో కోడు స్కాన్ చేస్తాడు. ఫోన్ చార్జింగ్ అయిపోతే చిక్కు, అందుకని టికెట్టు ప్రింటు తీసి సంచిలో పెట్టుకోండి. ఒక పెట్టె మాత్రమే తీసుకెళ్ళండి, అది కూడా మీరే ఎత్తి పైన పెట్టుకోగలిగింది. కూలీలు ఉండరు. ఒక్కరే వెళ్ళే ఆడవాళ్ళకు నేను చెప్పే మొదటి సలహా ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

దారిలో హెగ్యెష్‌హలోమ్ అని హంగరీ చివరి స్టేషను వస్తుంది. రైలు ఆగింది, కొందరు దిగారు, కదిలింది. ఎవరూ ఏమీ అడగలేదు. కాసేపట్లో కిటికీలోంచి ఆస్ట్రియా పొలాలూ, వాటిమీద వరసలు వరసలుగా గాలిమరలూ కనిపించాయి. 1989 దాకా ఆ పొలాల్లోనే ముళ్ళకంచె ఉండేది. ఆ ఏడాది మే నెలలో హంగరీ దాన్ని తీసేయడం మొదలుపెట్టింది. జూన్ 27న రెండు దేశాల విదేశాంగ మంత్రులు, హంగరీ గ్యుల హోర్న్, ఆస్ట్రియా అలోయిస్ మోక్, పెద్ద కత్తెరలు పట్టుకుని కంచె కత్తిరించారు. ఆ ఫోటో చాలా పుస్తకాల్లో ఉంది. ఆ సందులోంచే తూర్పు జర్మనీవాళ్ళు పడమటికి రావడం మొదలైంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, డ్రెస్డెన్ దగ్గర మళ్ళీ వస్తుంది. 2007 డిసెంబరు 21న హంగరీ, చెక్ దేశాలు షెంగెన్‌లో చేరాక రైళ్ళలో పాస్‌పోర్టులు అడగడం ఆగిపోయింది.

వియన్నా గురించి తక్కువ చెబుతాను, ఎందుకంటే ఆ నగరం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒంటరిగా తిరిగేవాళ్ళకు మాత్రం అంత మర్యాదగల ఊరు నేను చూడలేదు. కాఫీహౌసుకు వెళ్ళి ఒక్క కాఫీ చెబితే చిన్న పళ్ళెంలో కాఫీతోపాటు గ్లాసుడు నీళ్ళు కూడా పెట్టి వెళ్ళిపోతారు. కర్రకు బిగించిన దినపత్రికలు గోడకు వేలాడుతుంటాయి. మూడు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు. ఆడమనిషి ఒక్కతే కూర్చుంటే తలతిప్పి చూసేవాళ్ళు లేరు. మన ఊళ్ళలో ఇలాంటి చోటు ఒకటైనా ఉండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అలాగే ఒపేరా. 1945 మార్చిలో బాంబులకు కాలిపోయి, 1955లో మళ్ళీ తెరుచుకున్న భవనం అది. సీట్ల ధరలు మనకు అందవు కానీ, నిలబడి చూసే టికెట్లు చాలా చవక. నాలాంటివాళ్ళు కూడా నిలబడగలిగారు. 1930లలో సుభాష్ చంద్రబోస్ వైద్యం కోసం ఈ నగరానికి వచ్చి, ఇక్కడ ఉండే 'ది ఇండియన్ స్ట్రగుల్' రాశారు. 1936లో స్వదేశానికి తిరిగొచ్చి బొంబాయిలో దిగగానే బ్రిటిషువాళ్ళు అరెస్టు చేశారు.

వియన్నా నుంచి ప్రాగ్ నాలుగు గంటలు, బ్ర్నో మీదుగా. నేను ఎక్కింది చెక్ రైలు. వాటి డైనింగ్ కార్లకు మంచి పేరుంది. బల్ల మీద గుడ్డ పరిచి, అక్కడే వండి పింగాణీ పళ్ళేల్లో తెచ్చి పెడతారు. శాకాహారులు భయపడక్కర్లేదు. చెక్ దేశంలో బ్రెడ్ పొడి అద్ది వేయించిన జున్ను ముక్క, పక్కన బంగాళాదుంపలు, దాదాపు ప్రతి హోటల్లోనూ దొరుకుతాయి. హంగరీలో లాంగోష్ అని నూనెలో కాల్చిన పెద్ద రొట్టె ఉంది, పైన మీగడా జున్నూ వేస్తారు. గూలాష్ మాత్రం గొడ్డుమాంసంతో చేసేది, అడిగి తినండి. డబ్బు సంగతి కూడా ఒక ముక్క. హంగరీలో ఫోరింట్, చెక్ దేశంలో కొరునా, మిగతా రెండు చోట్లా యూరో. స్టేషన్ల దగ్గర డబ్బు మార్చే కొట్ల జోలికి పోకండి. కార్డే వాడండి.

ఇప్పుడు ప్రాగ్ స్టేషన్. చాలామంది అక్కడ కింది అంతస్తు హాల్లో దిగి, అట్నుంచటే ట్రాములకు వెళ్ళిపోతారు. పైకి ఎక్కండి. యోసెఫ్ ఫాంతా కట్టిన పాత స్టేషను భవనం అక్కడుంది, 1909లో పూర్తయింది. గోపురం కింద రంగుటద్దాలు, శిల్పాలు. అక్కణ్ణుంచి ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీదికి వెళ్తే ఒక కంచు విగ్రహం కనిపిస్తుంది. కళ్ళద్దాల మనిషి ఒక పిల్లవాణ్ణి చంకనెత్తుకుని ఉంటాడు. పక్కన ఒక పాప, ఆ పాప దగ్గర ఒక సూట్‌కేసు. ఆయన పేరు నికోలస్ వింటన్.

వింటన్ లండన్‌లో షేర్ల వ్యాపారంలో పనిచేసే ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రవాడు. 1938 డిసెంబరులో స్విట్జర్లాండుకు మంచులో ఆడుకోవడానికి వెళ్ళాల్సినవాడు, స్నేహితుడు పిలిస్తే ప్రాగ్ వచ్చాడు. అక్కడ హిట్లర్ ఆక్రమించుకున్న ప్రాంతాల నుంచి పారిపోయి వచ్చిన యూదు కుటుంబాలు చలిలో శిబిరాల్లో ఉన్నాయి. పెద్దవాళ్ళకు వీసా దొరకడం చాలా కష్టంగా ఉంది. బ్రిటన్ పిల్లల్ని మాత్రం రానిస్తానంది, కానీ ఒక్కొక్కరికీ సాకే కుటుంబం దొరకాలి, యాభై పౌన్ల హామీ కట్టాలి. వింటన్ లండన్ తిరిగెళ్ళి పగలు ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు ఆ కుటుంబాల్ని వెతికాడు. ప్రాగ్‌లో డోరీన్ వారినర్, ట్రెవర్ చాడ్విక్ వంటివాళ్ళు ప్రమాదంలో ఉండి పని నడిపారు. పిల్లల రైళ్ళు ఆ స్టేషను నుంచి బయలుదేరి, సాక్షాత్తూ నాజీ జర్మనీ మీదుగానే హాలండ్ ఓడరేవుకు వెళ్ళాయి. అలా 669 మంది పిల్లలు బతికారు. అన్నిటికంటే పెద్ద రైలు 1939 సెప్టెంబరు 1న బయలుదేరాలి. సుమారు 250 మంది పిల్లలున్నారు. ఆ రోజే జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది. రైలు కదల్లేదు. ఆ పిల్లల్లో దాదాపు ఎవరూ మిగల్లేదు.

విగ్రహంతోపాటు అదే స్టేషన్లో ఇంకో స్మారకం ఉంది. పాతకాలపు రైలుపెట్టె తలుపు నమూనా. దాని అద్దం మీద చేతి ముద్రలు, ఒకవైపు పిల్లలవి, ఇంకోవైపు తల్లిదండ్రులవి. ఎక్కించి, తలుపు వేసి, అద్దానికి చేతులానించి నిలబడ్డ అమ్మానాన్నల గురించి నేను అక్కడ చాలాసేపు ఆలోచించాను. పిల్లల్ని రైలెక్కించడమంటే ఏమిటో మనకూ తెలుసు. చదువులకు పంపిస్తాం, ఉద్యోగాలకు పంపిస్తాం, పండక్కి వస్తారని చూస్తాం. వీళ్ళు మళ్ళీ చూస్తామో లేదో తెలియకుండా, పరాయి భాషవాళ్ళ చేతుల్లో పెట్టి పంపించారు. నా దృష్టిలో వింటన్ కంటే వాళ్ళ ధైర్యమే గొప్పది. వాళ్ళ పేర్లు ఏ విగ్రహం కిందా లేవు.

ప్రాగ్‌లో చార్లెస్ వంతెన, 1410 నాటి ఖగోళ గడియారం అందరూ చూసేవే, మీరూ చూస్తారు. పొద్దున్న ఆరింటికి వంతెన మీదికి వెళ్ళండి, జనం ఉండరు. తర్వాత నది దాటి మాలా స్త్రానా పేటలో జర్మన్ రాయబార కార్యాలయం వెనకవైపుకు నడవండి. లోబ్కోవిట్స్ మహల్ అంటారు దాన్ని. 1989 వేసవి చివర్లో తూర్పు జర్మనీ పౌరులు వేలమంది దాని గోడలు దూకి లోపలికి చేరారు. పశ్చిమ జర్మనీ వెళ్ళడానికి వాళ్ళు ఎంచుకున్న దారి అది. తోటంతా గుడారాలు, వానకు బురద. సెప్టెంబరు 30 సాయంత్రం పశ్చిమ జర్మనీ విదేశాంగ మంత్రి గెన్షర్ బాల్కనీలోకి వచ్చి మీ ప్రయాణానికి అనుమతి దొరికిందని చెప్పడం మొదలుపెట్టాడు. జనం కేకల్లో మిగతా వాక్యం వినిపించలేదు. ఇప్పుడు ఆ తోటలో కాళ్ళున్న కారు బొమ్మ ఉంది. తూర్పు జర్మనీ ట్రబాంట్ కారుకు చక్రాల బదులు కాళ్ళు పెట్టి దావిద్ చెర్నీ అనే శిల్పి చేశాడు. వెనక కంచె దగ్గర నిలబడితే కనిపిస్తుంది.

వాళ్ళ ప్రయాణానికి తూర్పు జర్మనీ ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. రైళ్ళు నేరుగా పశ్చిమ జర్మనీకి పోకూడదు, మా నేల మీదుగానే పోవాలి, మేమే వాళ్ళను వెళ్ళగొట్టినట్టు ఉండాలి అని. అందుకని ప్రాగ్ నుంచి డ్రెస్డెన్ మీదుగా చుట్టూ తిప్పి పంపారు. అక్టోబరు 4 రాత్రి రెండో విడత రైళ్ళు వస్తున్నాయని తెలిసి డ్రెస్డెన్ స్టేషన్ దగ్గర వేలమంది గుమిగూడారు, ఎలాగైనా అవి ఎక్కాలని. పోలీసులు లాఠీలతో, నీళ్ళ ఫిరంగులతో తరిమారు. సుమారు ఐదు వారాలకు, నవంబరు 9న, బెర్లిన్ గోడ తెరుచుకుంది. పరువు కోసం పెట్టిన ఆ షరతే జనాన్ని స్టేషను దాకా రప్పించింది. పాఠం చెప్పేటప్పుడు గోడ ఒక్కసారిగా కూలినట్టు చెప్పేవాళ్ళం. అది రైలు రైలుకూ కాస్త కాస్త కూలింది.

ఆ దారి మీదే నేను ప్రాగ్ నుంచి డ్రెస్డెన్ వెళ్ళాను. రెండున్నర గంటల లోపే. సీటు తీసుకునేటప్పుడు రైలు పోయే దిక్కుకు కుడివైపు కిటికీ అడగండి. ముందు వ్లతావా నది, తర్వాత ఎల్బే నది, పొడుగునా కుడిచేతివైపే ఉంటాయి. చెక్ సరిహద్దు దాటే చోట నది ఇసుకరాతి కొండల మధ్య నుంచి వెళ్తుంది. నదికి అవతల నిట్టనిలువు రాతి స్తంభాలు, వాటి పాదాల దగ్గర వాలు పైకప్పుల ఊళ్ళు. మన పాపికొండల్లో లాంచి మీద పోయేటప్పుడు మలుపు మలుపుకూ కొండ తిరిగి కనిపించినట్టే ఇక్కడా కనిపిస్తుంది, గోదావరి అంత వెడల్పు మాత్రం లేదు.

మా రైలు ఆగిన మొదటి జర్మన్ స్టేషన్ బాడ్ షాండావ్ దగ్గర పోలీసులు రైలెక్కారు. ఈ మధ్య జర్మనీ తన సరిహద్దుల్లో తనిఖీలు మళ్ళీ మొదలుపెట్టింది. నా పాస్‌పోర్టు చూసి, వీసా పేజీ తిప్పి, మర్యాదగానే ఇచ్చేశారు. మా పెట్టెలో ఒక నల్లజుట్టు కుర్రవాడి కాగితాలు మాత్రం చాలాసేపు చూశారు. అతణ్ణి దించలేదు. కానీ పోలీసులు వెళ్ళాక కూడా అతను కిటికీవైపు చూడలేదు.

డ్రెస్డెన్ స్టేషన్ 1898 నాటిది. పాత ఇనుప కమానుల మీద నార్మన్ ఫోస్టర్ అనే వాస్తుశిల్పి తెల్లటి పల్చని పొర కప్పించాడు. అది 2006లో పూర్తయింది. పగలు దీపాలు అక్కర్లేకుండా వెలుతురు దాంట్లోంచే వస్తుంది. 1945 ఫిబ్రవరి 13 రాత్రి నుంచి బ్రిటిష్, అమెరికన్ విమానాలు ఈ నగరాన్ని కాల్చేశాయి. సుమారు 25,000 మంది చనిపోయారు. విక్టర్ క్లెంపెరర్ అనే యూదు ప్రొఫెసర్, ఊళ్ళో మిగిలిన కొద్దిమంది యూదులకు తరలింపు నోటీసులు పంచాల్సి వచ్చింది కూడా ఆ పగలే. బాంబుల గందరగోళంలో ఆయన కోటు మీద యూదుడని తెలిపే పసుపు నక్షత్రాన్ని వదిలించుకుని పారిపోయి బతికాడు. ఒక ఊరి చావు రాత్రే ఒక మనిషికి ప్రాణం దక్కిన రాత్రి అయింది. ఏది న్యాయం, ఏది అన్యాయం అని క్లాసులో చెప్పినంత సులువుగా అక్కడ నిలబడి చెప్పలేం.

ఆ బాంబులకు కూలిన ఫ్రావెన్‌కిర్షె చర్చి నలభై ఏళ్ళకు పైగా రాళ్ళకుప్పగానే ఉండి, మళ్ళీ లేచి 2005 అక్టోబరులో తెరుచుకుంది. దొరికిన పాత రాళ్ళను ఏరి, గోడల్లో వాడారు. అవి నల్లగా ఉంటాయి, కొత్తవి లేత పసుపు. శిఖరం మీది బంగారు శిలువ చేసింది ఒక లండన్ కంసాలి. అతని తండ్రి ఆ దాడిలో పాల్గొన్న బ్రిటిష్ పైలట్.

డ్రెస్డెన్‌లో ఒక సాయంత్రం ట్రాములో ఫోన్లో మా చెల్లెలితో మాట్లాడుతుంటే, వెనకసీటు కుర్రవాడు వంగి "ఆంటీ, మీరు తెలుగోళ్ళా?" అన్నాడు. కరీంనగర్ వైపువాడు, అక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు. జర్మనీలో మన పిల్లలు ఇప్పుడు ప్రతి యూనివర్సిటీ ఊళ్ళోనూ ఉన్నారు. దేశమంతటా లోకల్ రైళ్ళు, బస్సులు, ట్రాములు అన్నిటికీ పనికొచ్చే నెలవారీ పాసు ఒకటుందనీ, దాంతో మెల్లగా వెళ్ళే రైళ్ళు ఎక్కవచ్చు గానీ నేను ఎక్కే ఎక్స్‌ప్రెస్ ఎక్కకూడదనీ అతనే చెప్పాడు. వీసా అపాయింట్‌మెంటు కోసం హైదరాబాదులో ఎన్ని నెలలు ఎదురుచూశాడో కూడా చెప్పాడు. "రైళ్ళు లేటయితయి ఆంటీ, మధ్యలో మారేది ఉంటే గంట టైం పెట్టుకోండ్రి" అన్నాడు. నిజమే. జర్మన్ రైళ్ళు నిమిషం తప్పవన్న మాట పాతబడిపోయింది.

డ్రెస్డెన్ నుంచి రెండు గంటల్లో బెర్లిన్. 2006లో తెరిచిన పెద్ద స్టేషన్‌లో తూర్పు పడమర రైళ్ళు పై అంతస్తులో, ఉత్తర దక్షిణాల రైళ్ళు భూమి కింద నడుస్తాయి. అక్కణ్ణుంచి నేను మొదట ఫ్రీడ్రిష్‌స్ట్రాసె స్టేషన్‌కు వెళ్ళాను. నగరం రెండుగా ఉన్న రోజుల్లో ఈ స్టేషన్ తూర్పు బెర్లిన్‌లో ఉండేది, పడమటి రైళ్ళు కూడా వచ్చేవి. చుట్టపుచూపుగా వచ్చి తిరిగి పడమటికి వెళ్ళేవాళ్ళను తనిఖీ చేయడానికి 1962లో ఒక అద్దాల హాలు కట్టారు. సాగనంపేవాళ్ళు తలుపు దగ్గరే ఆగిపోవాలి. జనం దానికి పెట్టుకున్న పేరు కన్నీళ్ళ మహల్. ఇప్పుడు మ్యూజియం, ప్రవేశం ఉచితం. లోపల పాస్‌పోర్టు చూసే ఇరుకు గదులు అలాగే ఉంచారు. కాస్త దూరంలో నోర్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్లో ఇంకో ప్రదర్శన ఉంది. పడమటి బెర్లిన్ భూగర్భ రైళ్ళు కొన్ని తూర్పు కిందనుంచి పోయేవి. ఆ ముక్కలో స్టేషన్లు మూసేసి, మసక వెలుతురులో సిపాయిల్ని కాపలా పెట్టారు. రైళ్ళు ఆగకుండా మెల్లగా దాటిపోయేవి. జనం వాటిని దయ్యాల స్టేషన్లన్నారు.

బెర్లిన్ వీధుల్లో నాకు హైదరాబాదు మనిషి ఒకాయన పదే పదే గుర్తొచ్చాడు. వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడు సొంత తమ్ముడు, 1880లో హైదరాబాదులోనే పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో బెర్లిన్‌లో ఉండి, భారత స్వాతంత్ర్యం కోసం కమిటీ నడిపాడు. బ్రిటిషువాళ్ళ కన్ను ఆయన మీద ఎప్పుడూ ఉండేది. తిరిగి ఇంటికి రాలేకపోయాడు. చివరికి సోవియట్ యూనియన్ చేరి, 1937లో స్టాలిన్ కాలపు వేటలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు ఒక పేరా అయినా ఉండాలి.

చివరగా చెప్పేది గ్రూనెవాల్డ్ గురించి. బెర్లిన్ పడమటి అంచున, అడవి పక్కన, పెద్దపెద్ద ఇళ్ళున్న పేట. అక్కడి స్టేషన్లో పదిహేడో నంబరు ప్లాట్‌ఫాం నుంచి 1941 అక్టోబరు 18న బెర్లిన్ యూదుల్ని బలవంతంగా తరలించే మొదటి రైలు బయలుదేరింది. 1945 దాకా పంపుతూనే ఉన్నారు. ప్లాట్‌ఫాం అంచు వెంట 186 ఉక్కు పలకలు పరిచారు. ఒక్కో పలక మీద తేదీ, ఎంతమంది, ఎక్కడి నుంచి ఎక్కడికి, అంతే ఉంటుంది. ఆ రైళ్ళకు జర్మన్ రైల్వే చార్జీ వసూలు చేసింది. మూడో తరగతి రేటు. వెళ్ళేందుకు మాత్రమే. పదేళ్ళలోపు పిల్లలకు సగం టికెట్టు, నాలుగేళ్ళలోపు వాళ్ళకు ఉచితం. నేను చదివినదాంట్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టినది ఈ టికెట్టు లెక్క. కౌంటర్ దగ్గర కూర్చున్న మామూలు గుమాస్తాలు ఆ లెక్కలు కట్టారు, రసీదులు రాశారు, సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం తిన్నారు. నేను పలకల మీది తేదీలు చదువుకుంటూ ఆ చివర దాకా నడిచాను. పట్టాల మధ్య చెట్లు మొలిచి పెద్దవయ్యాయి. వాటిని నరకలేదు, మళ్ళీ ఏ రైలూ అక్కణ్ణుంచి పోకూడదని.

యూరప్ వెళ్ళే శ్రోతలకు, ముఖ్యంగా పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులకు, ఒక్క మనవి. ఐఫెల్ టవర్, స్విస్ మంచు కొండలు చూడండి, తప్పులేదు. బెర్లిన్ మీదుగా పోయే పని పడితే మాత్రం ఒక పూట ఇక్కడికి కేటాయించండి. పెద్ద స్టేషన్ నుంచి ఎస్-7 లోకల్ ఎక్కితే ఇరవై నిమిషాల్లో గ్రూనెవాల్డ్ వస్తుంది. మెట్లు దిగితే 'గ్లైస్ 17' అని బోర్డు ఉంటుంది. టికెట్టు అక్కర్లేదు, ఎప్పుడూ తెరిచే ఉంటుంది.